పుట్టుమచ్చలు: ఏది మామూలు, ఏది డాక్టర్‌కి చూపించాలి?

పాపాయి_అమ్మ

అందరికీ నమస్కారం. మా పాపకి రెండో నెల నడుస్తోంది. పుట్టినప్పటి నుంచే నడుము కింద, పిరుదుల మీద నీలం, బూడిద రంగు కలిసిన మచ్చ ఉంది. నా అరచేయంత ఉంటుంది. తెలియనివాళ్లు చూస్తే దెబ్బ తగిలి కమిలిందనుకుంటారు. దానికి తోడు ఎడమ కంటి పైరెప్ప మీద ఇంకోటి మొదలైంది. పుట్టినప్పుడు అది లేదు. మొదట్లో గోరు గీరుకున్నట్టు సన్నగా ఎర్రగా కనిపించింది, ఇప్పుడు ఉబ్బెత్తుగా, మెత్తగా, ముదురు ఎరుపులో పెరుగుతోంది. "పుట్టుమచ్చలే కదా, వాటంతటవే పోతాయి" అంటున్నారు ఇంట్లో. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. రెండూ ఒకటేనా?

ఇంకో మాట. కడుపుతో ఉన్నప్పుడు నేనేదో చేసి ఉంటానని, అందుకే ఇలా వచ్చాయని ఒకరు అన్నారు. అది విన్న దగ్గర్నుంచి సరిగ్గా నిద్ర పట్టడం లేదు.

నర్సమ్మ

ముందు ఆ ఆఖరి మాటకి జవాబు చెప్తాను తల్లీ. మీరు చేసిన పని వల్ల గానీ, చూసినదాని వల్ల గానీ, ముట్టుకున్నదాని వల్ల గానీ ఏ మచ్చా రాదు. పసిపిల్లల వార్డులో చాలా ఏళ్లు పనిచేశాను, ఈ మాట పడి ఏడ్చిన తల్లుల్ని ఎంతోమందిని చూశాను. మనసులోంచి తీసేయండి.

నడుము కింద నీలం మచ్చ మీరు చెప్పిన తీరుని బట్టి మంగోలియన్ స్పాట్ అనేదే అయి ఉంటుంది. ముదురు చర్మం ఉన్న జాతుల పిల్లల్లో ఎక్కువ మందికి ఉంటుంది, చాలామందికి స్కూలు వయసు వచ్చేసరికి వెలిసిపోతుంది. నొప్పి, దురద ఏమీ ఉండవు. ఒక్క పని మాత్రం చేయించుకోండి. ఆ మచ్చ ఎక్కడ, ఎంత ఉందో పాప ఫైల్లో డాక్టర్ చేత రాయించండి. రేపు కొత్త చోట ఎవరైనా చూసి బిడ్డని కొట్టారేమో అని అనుమానపడ్డారంటే ఆ కాగితమే మీకు సాక్ష్యం. కమిలిన దెబ్బ రోజుల వ్యవధిలో ఆకుపచ్చకి, పసుపుకి తిరిగి మానిపోతుంది. ఇది నెలల తరబడి అదే రంగులో ఉంటుంది.

కంటి రెప్ప మీదది వేరు. దాన్ని "అదే పోతుంది" అని వదలొద్దు. ఈ వారంలోనే చూపించండి.

స్కిన్_డాక్టర్

నర్సమ్మ గారు చెప్పింది అక్షరాలా నిజం. రెప్ప మీదది ఎందుకు తొందరో నేను చెప్తాను. చూడకుండా నిర్ధారణ చేయలేను గానీ, పుట్టినప్పుడు లేకుండా మొదటి వారాల్లో మొదలై ఉబ్బుతున్న ఎర్ర మచ్చ అంటే మొదట తట్టేది హిమాంజియోమా. రక్తనాళాల లోపలి పొర కణాలు గుంపుగా పెరిగితే వచ్చేది. నూటికి నలుగురైదుగురు పిల్లల్లో కనిపిస్తుంది. ఆడపిల్లల్లో, నెలలు నిండకుండా తక్కువ బరువుతో పుట్టినవాళ్లలో ఎక్కువ.

దీని నడక విచిత్రంగా ఉంటుంది. ఐదో వారం నుంచి ఎనిమిదో వారం దాకా గబగబా పెరుగుతుంది. మూడు నాలుగు నెలలు నిండేసరికి పెరుగుదల చాలావరకు అయిపోతుంది. ఏడాది వచ్చాక మెల్లిగా మధ్యలోంచి బూడిద రంగుకి తిరిగి, ఏళ్ల మీద కుంచించుకుపోతుంది. కాబట్టి "అదే పోతుంది" అన్న పెద్దవాళ్ల మాట తప్పు కాదు. వీపు మీదో చేతి మీదో చిన్నది ఉంటే మేమూ ఊరికే చూస్తూ ఉంటాం.

కంటి దగ్గర అలా కుదరదు. పసిపిల్లల మెదడు చూడటం నేర్చుకునేది ఈ నెలల్లోనే. రెప్ప బరువెక్కి కంటిపాపని కప్పినా, లేదా కనుగుడ్డుని నొక్కి దాని వంపు మార్చినా, ఆ కంటి నుంచి స్పష్టమైన బొమ్మ మెదడుకి అందదు. మెదడు ఆ కంటిని పక్కన పెట్టేస్తుంది. మచ్చ తర్వాత పోయినా చూపు తక్కువగానే ఉండిపోవచ్చు. అందుకే అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2019లో ఇచ్చిన సూచనల్లో, ఇబ్బంది పెట్టే చోట ఉన్న హిమాంజియోమాని వీలైతే నెల వయసుకే నిపుణులకి చూపించమంది.

ఆగకుండా చూపించాల్సిన చోట్లు ఇంకా ఉన్నాయి: ముక్కు కొస, పెదవి, డైపర్ కట్టే చోటు (అక్కడ పుండు పడుతుంది), నడుము మధ్యలో వెన్ను మీద, గడ్డం, మెడ ముందు భాగం. గడ్డం దగ్గర ఉంటే గొంతులో కూడా ఉండే వీలుంది, ఊపిరి తీసేటప్పుడు శబ్దం వస్తుందేమో గమనించాలి. ఒంటి మీద ఐదు, అంతకన్నా ఎక్కువ ఉంటే కాలేయానికి అల్ట్రాసౌండ్ తీయిస్తాం.

పాపాయి_అమ్మ

చాలా థాంక్స్ అండి. రేపే అపాయింట్‌మెంట్ తీసుకుంటాను. ఒకవేళ అదే అయితే ఆపరేషన్ చేస్తారా? అంత చిన్న బిడ్డకి మత్తు అంటేనే వణుకు వస్తోంది.

స్కిన్_డాక్టర్

ఇప్పుడు ఎక్కువమందికి ఆపరేషన్ అక్కర్లేదమ్మా. ప్రొప్రనొలాల్ అనే మందు చుక్కలుగా నోట్లో వేస్తారు. ఇది బీపీకి, గుండెకి చాలాకాలంగా వాడుతున్న మందు. ఫ్రాన్స్‌లోని బోర్డోలో క్రిస్టీన్ లోతే-లాబ్రెజ్ అనే డాక్టర్, ఆమె తోటివాళ్లు గుండె ఇబ్బంది ఉన్న ఒక బిడ్డకి ఈ మందు ఇస్తే, మొహం మీదున్న పెద్ద హిమాంజియోమా రంగు తగ్గి మెత్తబడటం గమనించారు. 2008లో దాన్ని ప్రచురించారు. అంతకుముందు స్టెరాయిడ్లే దిక్కు. ఆ ఒక్క గమనింపుతో ప్రపంచమంతా వైద్యం మారిపోయింది. 2014లో అమెరికాలో ఈ పని కోసమే తయారైన ద్రవ రూపానికి అనుమతి వచ్చింది. పలచగా, చిన్నగా ఉన్నవాటికి టిమొలాల్ అనే కంటి చుక్కల మందునే మచ్చ పైన రాస్తాం.

జాగ్రత్తలు మాత్రం ఉన్నాయి. మొదలుపెట్టేటప్పుడు గుండె వేగం, బీపీ చూస్తారు. బిడ్డ పాలు తాగిన వెంటనే గానీ, తాగుతుండగా గానీ వేయాలి, ఖాళీ కడుపున వేస్తే చక్కెర పడిపోవచ్చు. వాంతులైనా, పాలు తాగకపోయినా, ఆయాసం ఉన్నా ఆ డోసు ఆపి ఫోన్ చేయాలి. మీ అంతట మీరు మెడికల్ షాపులో కొని మాత్రం వేయకండి.

నిర్వాహకులు

చిన్న విన్నపం. పిల్లల ఒంటి ఫొటోలు దయచేసి ఇక్కడ పెట్టకండి, మాటల్లో చెప్పండి చాలు. నిన్న ఇద్దరు పెట్టినవి తీసేశాం.

జీవశాస్త్రం_టీచర్

మంచి చర్చ మొదలైంది కాబట్టి ఈ మచ్చల వెనక ఏం జరుగుతుందో కొంచెం చెప్పాలనిపించింది. మచ్చలు ఎన్ని రకాలైనా ఎక్కువభాగం రెండు కుటుంబాలు. ఒకటి రంగు కణాల వల్ల వచ్చేవి: గోధుమ, నలుపు, నీలం. రెండోది రక్తనాళాల వల్ల వచ్చేవి: గులాబీ, ఎరుపు, ఊదా.

పిండం ఎదిగేటప్పుడు వెన్ను వైపు న్యూరల్ క్రెస్ట్ అనే కణాల వరుస ఏర్పడుతుంది. మెలనిన్ తయారుచేసే మెలనోసైట్లు అక్కణ్ణుంచి బయల్దేరి, శరీరమంతా పాకుతూ చర్మం పై పొరకి చేరాలి. కొన్ని దారిలో లోపలి పొరలోనే ఆగిపోతాయి. మెలనిన్ నిజానికి ముదురు గోధుమ రంగే. కానీ అంత లోతున ఉంటే పైనున్న చర్మం నీలి కాంతిని వెదజల్లి మన కంటికి పంపుతుంది, ఆకాశం నీలంగా కనిపించడానికి కారణమైన చెదురుడు లాంటిదే. పాపాయి_అమ్మ గారి పాప నడుము మీద కనిపించేది అదే. కంటి చుట్టూ, తెల్లగుడ్డు మీద కూడా నీలంగా ఉంటే దాన్ని నీవస్ ఆఫ్ ఓటా అంటారు. అది వెలిసిపోదు, లేజర్‌తో బాగా తగ్గుతుంది. కంట్లో ఒత్తిడి పెరిగే అవకాశం ఉంది కాబట్టి కంటి డాక్టర్ దగ్గరకి కూడా వెళ్లాలి.

"ఎవరి పోలిక" అని వెతికేవాళ్లకి ఒక సంగతి. పెద్ద మచ్చలు చాలావాటిలో జన్యువు మార్పు తల్లి నుంచీ రాదు, తండ్రి నుంచీ రాదు. గర్భంలో బిడ్డ ఎదుగుతుండగా ఒక్క కణంలో, జన్యువు రాతలోని ఒక అక్షరం మారుతుంది. ఆ కణం నుంచి పుట్టిన కణాలన్నీ కలిసి ఆ మచ్చ. మిగతా ఒళ్లంతా మామూలే. ఎంత తొందరగా మారితే మచ్చ అంత పెద్దదిగా ఉండే వీలుంది. తల్లి మీద నింద వేయడానికి ఇందులో ఎక్కడా చోటు లేదు.

కుడిచెంప

ఈ పేరు ఎందుకు పెట్టుకున్నానో చెప్తాను. నాకు పుట్టినప్పటి నుంచి కుడి చెంప అంతా పోర్ట్ వైన్ స్టెయిన్. చిన్నప్పుడు గులాబీ రంగు, ఇప్పుడు ముదురు ఊదా. ఇది హిమాంజియోమా కాదు, దయచేసి ఎవరూ రెండిటినీ కలపొద్దు. మా అమ్మానాన్నలకి కూడా "పెద్దయ్యాక పోతుంది" అనే చెప్పారట. ఇది పోదు. మనిషితో పాటు పెరుగుతుంది, వయసు పెరిగే కొద్దీ ముదురుతుంది, కొందరికి చర్మం మందంగా, గడ్డలుగా కూడా మారుతుంది.

2013లో దీని కారణం తెలిసింది: జీఎన్ఏక్యూ అనే జన్యువులో మార్పు. పిండంలో ఒక కణంలో వచ్చినదే, టీచర్ గారు చెప్పినట్టు. ఆ వార్త చదివినప్పుడు అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

నేను పల్స్‌డ్ డై లేజర్ చేయించుకున్నాను. పసుపు కాంతి రక్తంలోని హిమోగ్లోబిన్‌కి తగిలి ఆ సన్నని నాళాల్ని మూసేస్తుంది. ఒక్కో దెబ్బ రబ్బరు బ్యాండ్ లాగి వదిలినట్టు చురుక్కుమంటుంది, తర్వాత వారం పైన ఆ చోటంతా నల్లగా కమిలి ఉంటుంది. చాలా సిట్టింగులు పడతాయి. బాగా లేతబడింది, పూర్తిగా పోలేదు. పసితనంలో చర్మం పలచగా ఉన్నప్పుడు మొదలుపెడితే ఫలితం మెరుగు అంటారు.

పిల్లలకి నుదుటి మీద, పైరెప్ప మీద ఈ రకం ఉన్న తల్లిదండ్రులు ఒకటి గుర్తుంచుకోవాలి. స్టర్జ్-వెబర్ సిండ్రోమ్ అని ఒకటుంది, మెదడు పైపొరల నాళాలు కూడా ఇలాగే ఉంటాయి. ఫిట్స్, గ్లాకోమా (కంట్లో ఒత్తిడి పెరిగి చూపు దెబ్బతినే జబ్బు) రావచ్చు. కాబట్టి పిల్లల నరాల డాక్టర్‌కీ, కంటి డాక్టర్‌కీ చూపించాలి. నాది చెంప వరకే ఉంది కాబట్టి ఆ బెడద రాలేదు.

మొహం మీద మచ్చతో దేశాన్ని ఏలినవాళ్లూ ఉన్నారు. సోవియట్ యూనియన్ నాయకుడు మిహాయిల్ గోర్బచేవ్ నుదుటి మీద ఉన్నది ఇదే. నేను చిన్నప్పుడు పేపర్లో ఆయన ఫొటో కత్తిరించి దాచుకున్నాను.

మంచుపూలు

కుడిచెంప గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. రాసినందుకు థాంక్స్.

మా అక్క కొడుక్కి మెడ వెనక, నుదుటి మధ్యలో లేత గులాబీ మచ్చలు ఉండేవి, ఏడిస్తే ఎర్రబడేవి. ఇప్పుడు నుదుటిది పోయింది, మెడది అలాగే ఉంది. అది కూడా ఈ పోర్ట్ వైనేనా?

నర్సమ్మ

కాదమ్మా. అది సాల్మన్ ప్యాచ్. సగం మంది పసిపిల్లలకి దాకా ఉంటుంది. నుదుటి మధ్యలో, రెప్పల మీద ఉన్నవి ఏడాది రెండేళ్లలో పోతాయి, మెడ వెనకది చాలామందికి ఉండిపోతుంది, జుట్టు కింద ఉంటుంది కాబట్టి ఎవరికీ తెలియదు. దానికి ఏమీ చేయక్కర్లేదు. పోర్ట్ వైన్ సాధారణంగా ఒక పక్కనే, గీత గీసినట్టు ఉంటుంది.

ఇంకోటి, లేత గోధుమ రంగులో చదునుగా ఉండే మచ్చలు, కెఫే ఓ లే అంటారు. ఒకటో రెండో ఉంటే దిగులు పడొద్దు. చిన్న పిల్లల్లో అర సెంటీమీటర్ దాటినవి ఆరు, అంతకు మించి ఉంటే మాత్రం న్యూరోఫైబ్రోమటోసిస్ (నరాల మీద గడ్డలు పెరిగే జన్యు జబ్బు) గురించి పరీక్ష చేయించాలి. స్నానం చేయించేటప్పుడు లెక్కపెట్టుకోవచ్చు.

వేణువు

నాది సౌందర్యం ప్రశ్న. పై పెదవి పక్కన పుట్టుమచ్చ ఉంది. ఇదివరకు చదునుగా నల్లగా ఉండేది, ఇప్పుడు ఉబ్బి చర్మం రంగుకి వచ్చింది, రెండు వెంట్రుకలు కూడా మొలిచాయి. షేవింగ్ చేసుకునేటప్పుడు తెగి రక్తం వస్తోంది. ఆన్‌లైన్‌లో మచ్చ రాలిపోయే ద్రవం దొరుకుతోంది. కొందరు దారం గట్టిగా కట్టమంటున్నారు. ఏది మంచిది? వెంట్రుకలు ఉంటే క్యాన్సర్ అంటారు, నిజమేనా?

స్కిన్_డాక్టర్

రెండూ వద్దు వేణువు గారూ. ఎందుకో వివరంగా చెప్పనివ్వండి, ఈ ప్రశ్న నా దగ్గరకి దాదాపు రోజూ వస్తుంది.

మామూలు పుట్టుమచ్చకి ఒక జీవితం ఉంది. మనకున్న పుట్టుమచ్చల్లో చాలావరకు పుట్టినప్పుడు ఉండవు. బాల్యంలో మొదలై ముప్పై, నలభై ఏళ్ల దాకా కొత్తవి వస్తూ ఉంటాయి. మొదట రంగు కణాలు పై పొర అడుగున గుంపుగా చేరతాయి, అప్పుడు చదునుగా, నల్లగా కనిపిస్తుంది. ఏళ్లు గడిచే కొద్దీ ఆ గుంపు లోపలి పొరలోకి దిగుతుంది, మచ్చ ఉబ్బుతుంది. ఇంకా లోపలికి పోయాక ఆ కణాలు రంగు తయారుచేయడం తగ్గించేస్తాయి, చర్మం రంగులో మెత్తటి బుడిపె మిగులుతుంది. ముసలితనంలో కొన్ని మాయమైపోతాయి కూడా. అది ఏళ్ల మీద మెల్లిగా జరిగి ఉంటే మీ మచ్చ ఈ దారిలోనే నడిచిందనిపిస్తోంది. వెంట్రుకలకీ క్యాన్సర్‌కీ సంబంధం లేదు. కత్తిరించుకోవచ్చు.

మచ్చ కొంత పెరిగి ఆగిపోవడానికీ కారణం తెలుసు. మామూలు మచ్చల్లో ఎక్కువభాగానికి బీరాఫ్ అనే జన్యువులో మార్పు ఉంటుందని 2003లో తేలింది. మెలనోమా, అంటే రంగు కణాల్లో పుట్టే చర్మ క్యాన్సర్లలో దాదాపు సగానికి ఉండేదీ ఇదే మార్పు. తేడా ఏమిటంటే, మచ్చలో ఆ కణాలు కొన్నిసార్లు విభజన చెందాక శరీరంలోని అడ్డుకట్టలు పనిచేసి ఆగిపోతాయి. దశాబ్దాలు అలాగే ఉంటాయి. ఆ అడ్డుకట్ట తెగడం చాలా అరుదు.

ఇప్పుడు మీ ద్రవం సంగతి. అది యాసిడ్ లాంటిదో, చర్మాన్ని కాల్చే మూలికల ముద్దో అయి ఉంటుంది. పుట్టుమచ్చలు తీయడానికి షాపులో నేరుగా అమ్మే ఏ మందుకీ అమెరికాలో మందులకి అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇవ్వలేదు, అలాంటివి వాడి పుండ్లు పడ్డవాళ్ల గురించి హెచ్చరించింది కూడా. గుంట మచ్చో, కెలాయిడ్ గడ్డో మిగలొచ్చు. అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటి ఉంది. కాల్చేసిన మచ్చ ఏమిటో ఇక ఎవరూ చెప్పలేరు. పై భాగం కాలి, అడుగున కణాలు మిగిలితే రంగు మళ్లీ తిరగబెడుతుంది. అది మైక్రోస్కోప్ కింద ఒక్కోసారి మెలనోమాలా కనిపించి, ల్యాబులో ముక్క పరీక్షించే డాక్టర్ పాథాలజిస్టుని కూడా తికమక పెడుతుంది. దారం కట్టినా ఇదే కథ.

సరిగ్గా తీయడం పెద్ద పని కాదు. ముందు డెర్మోస్కోప్‌తో చూస్తాం. చర్మానికి ఆనించి చూసే భూతద్దం, పదింతలు పెద్దగా చూపిస్తుంది. అనుమానం లేకపోతే, ఆ చోటికే మత్తు సూది వేసి, ఉబ్బెత్తుగా ఉన్నదాన్ని చర్మం మట్టానికి చెక్కేస్తాం. అనుమానం ఉంటే చుట్టూ కొంచెం చర్మంతో సహా పూర్తిగా కోసి కుట్లు వేస్తాం. ఎలా తీసినా ఆ ముక్కని ఫార్మలిన్ సీసాలో వేసి ల్యాబుకి పంపాలి. "మచ్చ తీస్తాను, కానీ పరీక్ష అక్కర్లేదు" అని ఎవరైనా అంటే అక్కడ తీయించుకోకండి.

మంచుపూలు

దీనికి మా ఇంట్లోనే ఉదాహరణ ఉంది. మా మరిది భుజం మీద మచ్చని ఒక బ్యూటీ సెంటర్‌లో లేజర్‌తో తీసేశారు. పరీక్షకి పంపలేదు, పంపడానికి ఏమీ మిగల్లేదు కూడా. కొన్ని నెలల తర్వాత ఆ గాటు మధ్యలో నల్లటి చారలు వచ్చాయి. స్కిన్ డాక్టర్ చూసి కోసి బయాప్సీకి పంపారు. ఫలితం వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ స్థిమితం లేదు. క్యాన్సర్ కాదని వచ్చింది, దేవుడి దయ. ముందే ముక్క పరీక్ష అయి ఉంటే ఆ రోజులు తప్పేవి.

వేణువు

వద్దు బాబోయ్. స్కిన్ డాక్టర్ దగ్గరకే వెళ్తాను.

నడక_నాన్న

నా వయసు అరవై దాటింది. రోజూ నడుస్తాను. ఈ మధ్య గోళ్లు తీసుకుంటుంటే ఎడమ అరికాలి మీద, మడమ దగ్గర నల్లటి మచ్చ కనిపించింది. ఎప్పట్నుంచి ఉందో తెలియదు, అరికాలు ఎవరు చూసుకుంటారు? నొప్పి లేదు. మనలాంటి చామనఛాయ వాళ్లకి చర్మ క్యాన్సర్ రాదని విన్నాను. అందుకే అంతగా పట్టించుకోలేదు.

స్కిన్_డాక్టర్

అయ్యా, ముందు చూపించండి. భయపెట్టడానికి కాదు, ఆ నమ్మకం ప్రాణాల మీదకి తెస్తుంది కాబట్టి గట్టిగా చెప్తున్నాను. ముదురు చర్మం ఉన్నవాళ్లకి మెలనోమా చాలా తక్కువ, అది నిజం. కానీ వచ్చినప్పుడు ఎక్కువగా వచ్చేది ఎండ తగలని చోటే: అరికాలు, అరచేయి, గోరు కింద. ఎవరూ అక్కడ వెతకరు, అందుకే ముదిరాక బయటపడుతుంది. గాయకుడు బాబ్ మార్లీకి కాలి బొటనవేలి గోరు కింద వచ్చింది. అది 1977లో బయటపడింది. 1981లో, 36 ఏళ్లకే చనిపోయారు.

అరికాలి మచ్చలో మేము చూసేది ఇది. పాదం మీద వేలిముద్రల్లాగే గట్లు, వాటి మధ్య సన్నని కాలవలు ఉంటాయి. మామూలు మచ్చకి రంగు కాలవల్లో పడుతుంది, డెర్మోస్కోప్‌లో సన్నని సమాంతర గీతలు కనిపిస్తాయి. రంగు గట్ల మీద వెడల్పాటి పట్టీల్లా పడితే అనుమానించి బయాప్సీ చేస్తాం. మామూలు కంటికి రెండూ ఒకే నల్ల మచ్చ. ఒక్కోసారి నడకలో చెప్పు ఒరుసుకుని లోపల చేరిన రక్తం కూడా ఇలాగే ఉంటుంది, అది కొన్ని వారాల్లో చర్మంతో పాటు పైకి జరిగి పోతుంది. ఏదో తేల్చడానికి అయిదు నిమిషాలు చాలు.

జీవశాస్త్రం_టీచర్

అనుమానించాల్సిన మచ్చని గుర్తుపట్టడానికి ఇంగ్లీషు అక్షరాలతో ఏ బీ సీ డీ అని ఒక పద్ధతి చదివాను. రెండు సగాలు ఒకేలా లేకపోవడం, అంచు గజిబిజిగా ఉండటం, ఒకే మచ్చలో రెండు మూడు రంగులు, ఆరు మిల్లీమీటర్లు దాటడం. 1985లో న్యూయార్క్ డాక్టర్లు మొదలుపెట్టారట. నడక_నాన్న గారి మచ్చ ఆరు మిల్లీమీటర్ల లోపు ఉంటే భయం లేనట్టేనా?

స్కిన్_డాక్టర్

ఆ కొలత మీద నాకు అంత గురి లేదండి. చిన్నగా ఉన్నప్పుడే దొరికిన మెలనోమాలు ఉన్నాయి, పెద్దగా ఉండి ఏ హానీ చేయని మచ్చలు కోకొల్లలు. 2004లో ఐదో అక్షరం 'ఈ' (E) కలిపారు, దానర్థం మార్పు. నా లెక్కలో మిగతా నాలుగూ కలిపినా దానికి సరిపోవు. వారాల్లో, నెలల్లో పెరిగినా, రంగు మారినా, కారణం లేకుండా రక్తం కారినా, పుండై మానకపోయినా చూపించాలి. గర్భిణుల్లో మారితే "కడుపుతో ఉంది కదా" అని సరిపెట్టుకోవద్దు. పొట్ట సాగినప్పుడు అక్కడి మచ్చ కూడా సాగుతుంది గానీ, మిగతా చోట్ల మార్పుకి గర్భం సాకు కాదు.

ఇంకో మంచి పద్ధతి ఉంది. ఒక మనిషి ఒంటి మీద మచ్చలన్నీ దాదాపు ఒకే పోలికలో ఉంటాయి. వాటి మధ్య వేరుగా కనిపించే ఒక్కదాన్ని పట్టుకోవాలి. 1998లో ఫ్రాన్స్ డాక్టర్లు దీన్ని అగ్లీ డక్‌లింగ్ గుర్తు అన్నారు, కథలో మిగతావాటిలా లేని బాతుపిల్ల పేరు మీద. ఇంట్లోవాళ్లు కూడా చేయగలరు.

మరో మాట, మెలనోమాల్లో సుమారు 70 శాతం పాత మచ్చలోంచి రావు, ఏమీ లేని చర్మం మీద కొత్తగా మొదలవుతాయి. కాబట్టి భయపడి ఒంటి మీద మచ్చలన్నీ తీయించుకున్నా ఉపయోగం లేదు. యాభై దాటాక కొత్తగా వచ్చే నల్ల మచ్చ మీద మాత్రం కన్ను వేయాలి.

తెల్లకలువ

నాకు యాభై ఎనిమిది. మొహం మీద, మెడ మీద చిన్న చిన్న నల్లటి గింజలు చాలా వచ్చాయి. వీపు మీద ఒకటి రెండు పెద్దవి, అంటించినట్టు గరుకుగా ఉన్నాయి. ఈ పోస్టు చూసి గుండె ఆగినంత పనైంది.

స్కిన్_డాక్టర్

కంగారు పడకండమ్మా. బుగ్గల మీద, కళ్ల చుట్టూ వచ్చే చిన్న నల్ల గింజల్ని డీపీఎన్ (డెర్మటోసిస్ పాపులోసా నైగ్రా) అంటాం. ముదురు చర్మం వాళ్లలో చాలా మామూలు, కుటుంబాల్లో నడుస్తుంది. వీపు మీద అంటించినట్టున్నవి సెబొరిక్ కెరటోసిస్ కావచ్చు, వయసుతో వచ్చేవి. రెండిటిలోనూ రంగు కణాల గుంపు ఉండదు, అసలు పుట్టుమచ్చలే కావు. మెడ మీద వేలాడే పులిపిర్లూ అంతే. ఒకసారి చూపించుకుని నిశ్చింతగా ఉండండి.

పాపాయి_అమ్మ

పాపని చూపించాం. కంటి మీదది హిమాంజియోమానే. మొదట కంటి డాక్టర్ చూశారు, ఇప్పటిదాకా కంటిపాపని కప్పలేదు, సరైన టైముకి వచ్చారన్నారు. గుండె పరీక్ష చేసి ప్రొప్రనొలాల్ మొదలుపెట్టారు. పాలు తాగాకే వేస్తున్నాం, ప్రతి డోసూ కాగితం మీద రాసుకుంటున్నాను. రంగు కాస్త తగ్గినట్టుంది, మెత్తబడింది. నడుము మీది నీలం మచ్చ గురించి ఫైల్లో బొమ్మ గీసి మరీ రాశారు. నర్సమ్మ గారికి, డాక్టర్ గారికి నా నమస్కారాలు.

నర్సమ్మ

చల్లని మాట చెప్పావు తల్లీ. కంటి చెకప్ ఒక్కటి కూడా మానొద్దు.

ఆరో_మెట్టు

పదమూడేళ్ల మా అబ్బాయికి వీపు మీద పుట్టుమచ్చ చుట్టూ తెల్లటి వలయం వచ్చింది. బొల్లి మొదలైందా?

స్కిన్_డాక్టర్

అది హేలో నీవస్ అయి ఉండొచ్చు. 1916లో సటన్ అనే డాక్టర్ దీన్ని వివరించారు. రోగనిరోధక కణాలు ఆ మచ్చ మీదకి వచ్చి రంగు కణాల్ని తినేస్తుంటాయి, చుట్టుపక్కల మామూలు రంగు కూడా పోతుంది. ఆ వయసు పిల్లల్లో సాధారణం. మధ్యలో మచ్చ మెల్లిగా మాయమై, తర్వాత తెలుపు కూడా నిండుతుంది, కొన్నేళ్లు పట్టొచ్చు. తెల్లబడిన చోట ఎండ తగిలితే తొందరగా కమిలిపోతుంది, చొక్కా వేయండి. బొల్లి కొందరికి తోడుగా ఉండొచ్చు కాబట్టి ఒళ్లంతా ఒకసారి చూపించండి. ఇదే పెద్దవాళ్లలో కొత్తగా వస్తే ఇంకా శ్రద్ధగా చూస్తాం.

నడక_నాన్న

డాక్టర్ గారూ, వెళ్లి వచ్చాను. డెర్మోస్కోప్‌తో చూసి గీతలు కాలవల్లోనే ఉన్నాయన్నారు, మామూలు మచ్చేనట. స్కేలు పక్కన పెట్టి ఫొటో తీసి దాచుకోమన్నారు, కొన్ని నెలల తర్వాత మళ్లీ రమ్మన్నారు. మా ఆవిడ పాదం కూడా చూడమని చెప్పాను, అక్కడ ఏమీ లేదు. కానీ ఆవిడకి కుడి బొటనవేలి గోరులో పొడుగునా సన్నని గోధుమ గీత ఒకటి ఉంది. దానిక్కూడా వెళ్లాలా?

స్కిన్_డాక్టర్

సంతోషం అండి. ముదురు చర్మం వాళ్లకి వయసుతో పాటు చాలా గోళ్లలో ఇలాంటి గీతలు రావడం మామూలే. ఒకే ఒక గోరులో ఉంటే, వెడల్పు పెరుగుతుంటే, లేదా రంగు గోరు మొదట్లో ఉన్న చర్మం మీదకి పాకితే తప్పకుండా చూడాలి. ఆవిడది ఒక్క గోరే అంటున్నారు, పైగా బొటనవేలు, కాబట్టి ఈ నెలలో తీసుకెళ్లండి. గోళ్ల రంగు వేసుకునే అలవాటుంటే అన్ని వేళ్లకీ తుడిచేసి తీసుకెళ్లండి, పక్క గోళ్లతో పోల్చి చూడాలి.